పందెములో చేయూత: జె.ఆర్.డి. టాటా జీవితము

తెలుగుపల్లెల వీధులలో ఆడుకొను పిల్లలకు అక్షరములు రాకముందే ఒక ధర్మశాస్త్రము వచ్చును. అందు మొదటి మాట తొండి. చెడుగుడులో కూత విడిచియు విడువలేదని బొంకువాడు, గోలీలాటలో జానెడు ముందుకు జరిగి కొట్టువాడు తొండివాడు. వానిని మరునాడు ఆటలోనికి రానీయరు. ఆ శాస్త్రములోనే ఒక సూక్ష్మము కూడ కలదు. పరుగుపందెములో పక్కవాని కాలిలో ముల్లు దిగినపుడు, ఆగి ముల్లు తీసిన పిల్లవానిని తొండివాడని ఎవరును అనరు. వాడు ఆ పందెము ఓడిపోవచ్చును. కాని వీధిలో వానికొక పేరు నిలుచును. ఇరువదవ శతాబ్దమున మన దేశపు విమానయానము పసితనములో నున్నపుడు సరిగా ఇట్టి సంఘటన ఒకటి జరిగినది. అందు ముల్లు తీసినవాడు జె.ఆర్.డి. టాటా.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా 1904 జులై 29వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయి, టాటా సంస్థల మూలపురుషుడైన జంషెడ్జీకి దగ్గరి బంధువు, వ్యాపారమున సహచరుడు. తల్లి సుజాన్ బ్రియేర్ ఫ్రెంచి వనిత. వివాహానంతరము సూనీ అను పేరు వహించెను. బాలుని చదువు ఫ్రాన్సులో కొంత, బొంబాయిలో కొంత, జపానులో కొంతగా సాగినది. వేసవిలో ఆ కుటుంబము ఫ్రాన్సు ఉత్తరతీరమందలి హార్డెలో అను ఊరిలో విడిది చేయుచుండెడిది. విమానములో ఇంగ్లీషు చానెలును 1909 జులై 25న మొట్టమొదట దాటిన లూయీ బ్లేరియోకు కూడ ఆ ఊరిలోనే ఇల్లుండెను. ఇసుకతిన్నెలపై దిగుచున్న విమానములను చూచి పెరిగిన ఆ బాలుడు తన పదునైదవ యేట అచ్చటనే మొదటిసారి విమాన మెక్కి ఆకసమున విహరించెను. ఆనాడు పట్టిన కోరిక ఆయనను జీవితాంతము వీడలేదు.

కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదువవలెనని ఆయన తలంపు. ఒక సంవత్సరము ఫ్రెంచి సైన్యమున నిర్బంధసేవ ముగిసిన పిమ్మట, 1925 చివర తండ్రి పిలుపుపై బొంబాయి వచ్చి, జీతము లేని శిక్షార్థిగా టాటా కార్యాలయమున చేరెను. మరుసటి సంవత్సరమే తండ్రి మరణించుటతో కుటుంబభారము ఆయన భుజములపై పడినది. విశ్వవిద్యాలయపు చదువు కలగానే మిగిలిపోయెను.

మన దేశమున విమానములు నడుప నేర్పు క్లబ్బులు 1928, 1929 సంవత్సరములలో ఢిల్లీ, కరాచీ, బొంబాయి, కలకత్తా నగరములలో వెలసినవి. బొంబాయి క్లబ్బు తెరచిన వెంటనే చేరినవారిలో జె.ఆర్.డి. ఒకడు. 1929 ఫిబ్రవరి 10వ తేదీన ఆయనకు లభించిన పైలటు యోగ్యతాపత్రము భారతదేశమున ఇయ్యబడిన వానిలో మొదటిది. దాని సంఖ్య 1. ప్రపంచ వైమానిక సమాఖ్య పక్షమున భారత, బర్మా ఏరో క్లబ్బు దాని నిచ్చినది. తరువాతి కాలమున ఆయనకు ఎన్నో బిరుదులు, పతకములు వచ్చినను, ఆ చిన్న నీలిరంగు పత్రముపై ఆయనకున్న మక్కువ మరి దేనిపైనను లేకుండెను.

ఆ సంవత్సరమే ఆగాఖాన్ ఒక బహుమతిని ప్రకటించెను. ఇంగ్లండునుండి భారతదేశమునకు గాని, భారతదేశమునుండి ఇంగ్లండునకు గాని ఒంటరిగా విమానము నడుపుకొనుచు చేరిన మొదటి భారతీయునకు 500 పౌనులు. బయలుదేరిన నాటినుండి ఒక మాసములోగా ప్రయాణము ముగియవలెను. పోటీలో నిలిచిన వారు ముగ్గురు. ఒకడు రావల్పిండి యువకుడు మన్‌మోహన్ సింగు. తన విమానమునకు మిస్ ఇండియా అని పేరు పెట్టుకొనెను. రెండవవాడు ఆస్పీ ఇంజనీరు. అప్పటికి ఆయన వయస్సు 17 సంవత్సరములు మాత్రమే. 1930 మార్చిలో ఆర్.ఎన్. చావ్లాతో కలిసి కరాచీనుండి ఇంగ్లండునకు ఎగిరియుండెను గాని, ఆ ప్రయాణమున ఇద్దరుండుటచే అది బహుమతికి తగదు. అందువలన తిరుగుప్రయాణమున ఒంటరిగా బయలుదేరెను. మూడవవాడు జె.ఆర్.డి.; ఆయన ఎదురుదిశనుండి, 1930 మే 3వ తేదీన కరాచీలో పైకి లేచెను.

నేటి ప్రయాణికులకు ఆనాటి ప్రయాణము ఊహకందదు. జిప్సీ మాత్ అను ఆ చిన్న విమానమున పైలటు కూర్చుండు చోటు పైకప్పు లేనిది. ఎండ, ఇసుక, వాన అన్నియు ముఖముమీదనే. రేడియో లేదు. పటము, దిక్సూచి, కన్ను, ఇవియే ఆధారము. వంద గుర్రముల బలముగల యంత్రమొక్కటి. అది ఆగినచో ఇంకొకటి లేదు. పర్షియన్ సింధుశాఖ తీరము, ఇరాకు ఎడారి, ఈజిప్టు, మధ్యధరాసముద్రము, యూరపు పర్వతములు, అన్నిటిని మజిలీ మజిలీగా దాటుకొనుచు పోవలెను. ప్రతి మజిలీలోను పెట్రోలు పట్టించుట, నూనె మార్చుట, యంత్రమును విప్పి తుడుచుట, అన్నిటికంటె ముఖ్యముగా స్పార్కు ప్లగ్గులను పరీక్షించుట తప్పదు. నాలుగు సిలిండర్లలోను నిప్పురవ్వ పుట్టించునవి ఆ ప్లగ్గులే. అవి మసిపట్టినచో పెట్రోలు మండదు, విమానము కదలదు. చేతి గుప్పిటలో పట్టు ఆ వస్తువుమీద సముద్రలంఘనము ఆధారపడియుండెను.

ఈజిప్టులో అలెగ్జాండ్రియా నగర సమీపమున అబూకీరు అను వైమానిక స్థావరము కలదు. జె.ఆర్.డి. అచ్చట దిగినపుడు మైదానమున మరియొక మాత్ విమానము నిలిచియుండుట చూచెను. విచారింపగా అది ఆస్పీ ఇంజనీరుదని తెలిసినది. ఆ బాలుడు ప్లగ్గులు పాడై, విడి ప్లగ్గులు లేక, అవి వచ్చుటకై ఎదురుచూచుచు చిక్కుపడి కూర్చుండియుండెను. ఇద్దరును ఒకే బహుమతికై ఎదురెదురుగా వచ్చుచున్నవారు. ఒకడు ఇచ్చట ఎన్ని దినములు ఆగిన రెండవవానికి అన్ని దినములు లాభము. జె.ఆర్.డి. తిన్నగా పెట్రోలు పట్టించుకొని ఎగిరిపోయియుండినచో తప్పు పట్టువారు లేరు. ఏ నియమమును అతిక్రమించినట్లు కాదు. ఆయన అట్లు చేయలేదు. తనవద్దనున్న విడి ప్లగ్గులలో కొన్నిటిని తీసి ఆ బాలుని చేతిలో పెట్టెను. తరువాత ఒకడు తూర్పునకు, ఒకడు పడమటికి ఎగిరిపోయిరి.

మే మాసపు రెండవ వారమున ఫలితము తేలినది. జె.ఆర్.డి. లండను చేరులోపల ఆస్పీ కరాచీ చేరెను. వ్యవధి స్వల్పమే; కాని పందెమున స్వల్పమనునది లేదు. మన్‌మోహన్ సింగు కూడ ప్రయాణమును పూర్తిచేసెను గాని, దారిలో వాతావరణము ప్రతికూలించి ఆలస్యమగుటచే మాసపు గడువు దాటిపోయినది. బహుమతి ఆస్పీకి లభించినది. ఈ ఓటమినిగూర్చి జె.ఆర్.డి. ఎన్నడును చింతించినట్లు కనబడదు. ఆ గెలుపు బాలునికి బ్రిటిషు వైమానిక శిక్షణలో చోటు దొరకుటకు తోడ్పడినదని ఆయన తరువాత సంతోషముతోనే చెప్పుకొనుచుండెడివాడు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టవచ్చును. ఒంటరి ప్రయాణమని నియమమున్నపుడు, ప్రత్యర్థినుండి ప్లగ్గులు పుచ్చుకొనిన ఆస్పీ గెలుపు న్యాయమైనదేనా? పరసహాయమున వచ్చిన గెలుపు గెలుపగునా? ఈ ప్రశ్నకు అంతకు 22 సంవత్సరములకు పూర్వమే లండను నగరమున ఒక సమాధానము వచ్చియుండెను. 1908 జులై 24న జరిగిన ఒలింపిక్ మారథాను పరుగులో ఇటలీవాడైన డొరాండో పియెత్రి అందరికంటె ముందుగా క్రీడారంగమున అడుగుపెట్టెను. కాని అలసటచే దారి తప్పి, పలుమార్లు నేలకొరిగెను. జాలిపడిన అధికారులు లేవనెత్తి, పట్టుకొని గీటు దాటించిరి. అమెరికనులు అభ్యంతరము తెలిపిరి. డొరాండో అనర్హుడయ్యెను, పతకము రెండవవాడైన జాన్ హేస్‌కు దక్కినది. మరునాడు అలెగ్జాండ్రా రాణి డొరాండోకు ఒక వెండిగిన్నె బహూకరించి ఆతని శ్రమను గౌరవించినది. అధికారుల జాలి మంచిదే. కాని ఆ పందెమున పరీక్షింపబడునది కాళ్ళబలము. ఆ కాళ్ళకు బదులు వేరొకరి చేతులు పనిచేసినవి. అందుచే అది సహాయము కాలేదు, అపకారమైనది.

ఢిల్లీలో సఫ్దర్‌జంగు మైదానముపై గ్లైడర్లు గద్దలవలె వలయములు తిరుగుటను చూచిన తెలుగు కుటుంబములు కొన్ని తరములుగా కలవు. ఆ ఆటలో ఈ భేదము ఇంకను స్పష్టముగా కనబడును. గ్లైడరుకు యంత్రము లేదు. నేలమీది యంత్రమొకటి త్రాటితో లాగి గాని, వేరొక విమానము వెంట గొనిపోయి గాని దానిని పైకి చేర్చవలెను. అంతవరకు పరసహాయము న్యాయమే. అది లేనిదే ఆట లేదు. త్రాడు వీడిన పిమ్మట వేడిగాలి ఎచ్చట పైకి లేచుచున్నదో పైలటు తానే కనిపెట్టుకొనవలెను. పోటీలో లేని విమానము ముందు ఎగురుచు గాలియున్న చోటు చూపుటను అంతర్జాతీయ నియమములు నిషేధించినవి. సహాయ మందినదా లేదా అనునది కాదు ప్రశ్న. పరీక్షింపబడు శక్తికి బదులుగా ఆ సహాయము నిలిచినదా అనునదే ప్రశ్న.

అబూకీరులో అట్లు జరుగలేదు. ఆగాఖాన్ బహుమతి పరీక్షించినది ఒంటరిగా దారి కనుగొనుట, ఒంటరిగా నడుపుట, గడువులోగా చేరుట. పెట్రోలు ఎవరో పోసిరి. ప్లగ్గులు ఎవరో ఇచ్చిరి. ఎడారిని, సముద్రమును దాటినవాడు మాత్రము ఆస్పీ ఒక్కడే. కనుక ఆతని గెలుపు అచ్చమైన గెలుపు. ఇంకొక సంగతి. నియమము జె.ఆర్.డి.ని ఇమ్మని శాసింపలేదు, ఇయ్యవలదని వారింపలేదు. శాసించినదానికి, వారించినదానికి నడుమ కొంత ఖాళీస్థలము మిగులును. మనుష్యుని అసలు కొలత అచ్చట తెలియును. మన్‌మోహన్ సింగు విషయమున గడువు సడలింపలేదు. ఆతనిని ఆటలో అరటిపండుగా చేసి బహుమతి నిచ్చియుండినచో మిగిలినవారికి అన్యాయమగును. నియమము ఎంత బిగువుగా నుండినదో, మనుష్యుల మనస్సు అంత వదులుగా నుండినది. ధర్మమైన పోటీకి ఈ రెండును కావలెను.

ముగ్గురి జీవితములును తరువాత ఎత్తుగనే సాగినవి. మన్‌మోహన్ సింగు రెండవ ప్రపంచయుద్ధమున చేరి, 1942 మార్చి 3న ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవుపై జపాను దాడిలో వీరమరణము పొందెను. ఆస్పీ ఇంజనీరు క్రాన్‌వెల్‌లో శిక్షణ పొంది, భారత వైమానికదళమున క్రమముగా ఎదిగి, 1960 డిసెంబరునుండి 1964 జులై వరకు ఢిల్లీలో దళాధిపతిగా నుండెను. ఆ సంవత్సరములలో దేశపు విదేశీ విమానసర్వీసునకు అధ్యక్షుడు జె.ఆర్.డి. ఒకనాడు ఎడారి అంచున ప్లగ్గులు పంచుకొన్న ఇద్దరి చేతులలో దేశపు రెక్కలు రెండును ఉండెనన్నమాట.

పందెమున ఓడిన రెండు సంవత్సరములకే జె.ఆర్.డి. అంతకంటె పెద్ద పని తలపెట్టెను. నెవిల్ విన్సెంటు అను బ్రిటిషు పైలటు ఆలోచనను అందుకొని, రెండు లక్షల రూపాయల పెట్టుబడితో టాటా టపా విమానములను ప్రారంభించెను. 1932 అక్టోబరు 15న కరాచీలోని ద్రిఘ్ రోడ్డునుండి పస్ మాత్ విమానమును తానే నడుపుకొనుచు, అహమ్మదాబాదులో దిగి, బొంబాయిలోని జుహూ చేరెను. అచ్చటినుండి విన్సెంటు ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. ఆనాటి తెలుగువారి ఉత్తరములకు రెక్కలు వచ్చిన దారి అది. ఇంగ్లండులో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు ప్రభుత్వధనముతో నడచుచుండగా, టాటాలకు అట్టి ఊతము లభింపలేదు. మోసిన టపా బరువునుబట్టి కూలి మాత్రము ముట్టెను. దీపములు లేని మైదానములు, వానకాలమున నీట మునుగు జుహూ తీరము, ఇన్ని ఇక్కట్లలోను మొదటి సంవత్సరమే 155 మంది ప్రయాణికులను, పది టన్నులకు పైగా టపాను ఆ చిన్న విమానములు చేరవేసినవి. 1937లో బొంబాయి, ఢిల్లీ నగరముల నడుమను సర్వీసు మొదలైనది. 1945లో నిజాము ప్రభుత్వముతో కలిసి టాటాలు హైదరాబాదున దక్కను ఎయిర్‌వేస్ నెలకొల్పిరి.

1938లో జె.ఆర్.డి. టాటా సన్స్ అధ్యక్షుడై, 1991 వరకు ఆ పదవిలో నుండెను. ఉక్కు, విద్యుచ్ఛక్తి, రసాయనములు ఎన్ని చూచుకొనినను మనస్సు మాత్రము విమానములమీదనే. విమానసంస్థ 1946లో ఎయిర్ ఇండియా అను పేరు పొందినది. 1948 జూన్ 8న దాని మొదటి విదేశీ విమానము మలబార్ ప్రిన్సెస్ బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు ఎగిరినది. 18 సంవత్సరములకు పూర్వము ఒంటరిగా, కప్పులేని విమానములో పోయిన ఆ దారినే ఇపుడాయన ప్రయాణికులతో కలిసి పోయెను.

1953 ఆగస్టు 1న విమానసంస్థలు జాతీయము చేయబడినవి. దేశములోపలి ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసినవి. దక్కను ఎయిర్‌వేస్ వానిలో ఒకటి. విదేశీ సర్వీసు వేరొక ప్రభుత్వ కార్పొరేషను అయినది. ఇరువది యేండ్లు పెంచిన బిడ్డను, తనతో మాటమాత్రము సంప్రదింపక తీసికొనిరని జె.ఆర్.డి. నొచ్చుకొనెను. ఆ విధానము సరికాదని వాదించెను. వాదన నెగ్గలేదు. అయినను కొత్త కార్పొరేషనుకు అధ్యక్షుడుగా ఉండవలెనని ప్రభుత్వము కోరగా అంగీకరించెను. 25 సంవత్సరములు జీతము పుచ్చుకొనకుండ ఆ పదవి నిర్వహించెను. సీటుమీది మరక, తెరల రంగు, భోజనపు రుచి, ఆలస్యమైన నిమిషములు, ప్రతి ప్రయాణమునందును గమనించి చీటీలు వ్రాసి పంపెడివాడు. ఓడిన పక్షమువాడు గెలిచిన పక్షపు పనిని ఇంత శ్రద్ధతో చేయుట అరుదు. అబూకీరులో ప్లగ్గు లిచ్చిన చేయి ఇదియే.

1978 ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయి ప్రభుత్వము ఆయనను ఆ పదవినుండి తొలగించినది. ఆ సంగతి ప్రభుత్వమునుండి కాక, ఆయన స్థానమున నియమితుడైన మాజీ వైమానికదళాధిపతి పి.సి. లాల్ నుండి ముందుగా తెలిసినది. పదవి ఇచ్చుటకు, తీయుటకు ప్రభుత్వమునకు అధికారమున్నది, నియమము తప్పలేదు. కాని నియమమునకు లోబడియే చేయదగిన మర్యాద ఒకటి అచ్చట లోపించినది. అది ఆయనను మిక్కిలి నొప్పించినది. అయినను ఆ సంస్థమీద ఆయనకు ప్రీతి తరుగలేదు. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వము పాలకమండలి సభ్యత్వము నొసగగా స్వీకరించెను.

1982 అక్టోబరు 15న తొలి టపావిమానమునకు 50 సంవత్సరములు నిండినవి. ఆనాడు 78 యేండ్ల వయస్సున ఆయన పాత లెపర్డ్ మాత్ విమానములో ఒంటరిగా కూర్చుండి, కరాచీనుండి బొంబాయి వరకు మరల ఎగిరెను. ఆ ప్రయాణమున ప్రత్యర్థి లేడు, గడువు లేదు, బహుమతి లేదు.

1992లో భారతరత్న బిరుదము ఆయనను వరించినది. 1993 నవంబరు 29న జెనీవాలో ఆయన కన్నుమూసెను. పార్లమెంటు ఆయన గౌరవార్థము సమావేశమును వాయిదా వేసినది. పారిస్ నగరమున, తల్లిదండ్రుల సమాధి చెంతనే ఆయనకు విశ్రాంతిస్థానము లభించినది. ఆయన స్థాపించిన విమానసంస్థ 2022 జనవరిలో తిరిగి టాటాల చేతికి వచ్చినది.

కార్యాలయములలో నియమములనుబట్టి పనిచేయువారికి ఈ జీవితము చెప్పు మాట చిన్నది. నియమమును ఎవరికొరకును వంచరాదు. కాని నియమము నోరు మెదపని చోట, మన చేతిలోని విడి ప్లగ్గు ఎదుటివానికి అక్కరపడవచ్చును. అది ఇచ్చిన పిమ్మట పందెము ఎవరు గెలిచినను, ఆట మాత్రము చెడదు.